కిడ్నీ మార్పిడి అయినవారికి కరోనా తగ్గకపోతే ప్లాస్మా ఎక్కించవచ్చా?

మీ నాన్నగారికి కిడ్నీ మార్పిడి జరిగిందనీ, కరోనా సోకి వారాలు గడిచినా జ్వరం విడవడం లేదనీ, కోలుకున్నవారి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కోసం వైద్యులను అడగవచ్చా అనీ రాశారు. తప్పకుండా అడగండి. అయితే దానికంటే ముందు ఆయన రక్తంలో కరోనా యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడే ప్రొటీన్లు, ఉన్నాయో లేవో పరీక్ష చేయించమని కోరండి, ఎందుకంటే ప్లాస్మా తీర్చగలిగేది ఆ లోటునే.

మాది ఉద్దానంలోని కవిటి మండలం. ఇక్కడ కిడ్నీ జబ్బు తెలియని వీధి ఉండదు. మార్పిడి తరువాత కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ మందులు వాడుతున్న మా బావగారికి 2021 ఏప్రిల్‌లో కరోనా సోకినప్పుడు విశాఖపట్నంలో చేర్పించాము. దాత కోసం వెతుకుతుంటే తమది ఓ గ్రూపు కనుక ఎవరికైనా ఇవ్వవచ్చునంటూ ఎందరో మంచి మనసుతో ముందుకు వచ్చారు. కానీ ప్లాస్మా విషయంలో లెక్క తిరగబడుతుంది: ఏబీ గ్రూపువారిది అందరికీ సరిపోతుంది, ఓ గ్రూపువారిది ఓ వారికే పనికివస్తుంది. బావగారిది బి గ్రూపు కావడంతో బి గాని ఏబీ గాని కావలసివచ్చింది.

లేత పసుపు రంగులో ఉన్న ఆ సంచిని చాలా నెమ్మదిగా ఎక్కించారు. ఒంట్లో నీరు ఎక్కువై ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం కిడ్నీ రోగులకు అధికం కనుక, నర్సు మంచం దగ్గరే నిలబడి బీపీ, ఆక్సిజన్, ఆయాసం గమనిస్తూనే ఉన్నారు. ఆయన కోలుకున్నారు. అదే సమయంలో వైద్యులు మైకోఫినోలేట్ ఆపి, వైరస్‌ను అణిచే రెమ్‌డెసివిర్ మందు కూడా ఇచ్చారు కాబట్టి, ఆ మేలంతా ప్లాస్మాదేనని నేను చెప్పను.

ప్లాస్మా పనికిరాదని తేలిపోయింది కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. మన దేశంలో 39 ఆసుపత్రుల్లో 464 మందిపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన ప్లాసిడ్ అనే పరిశోధనలోనూ, పదకొండు వేలమందికి పైగా పాల్గొన్న బ్రిటన్‌లోని రికవరీ అనే పరిశోధనలోనూ మరణాలు తగ్గలేదన్నది నిజమే. 2021 మే 17న దీనిని మన చికిత్స మార్గదర్శకాల నుంచి తొలగించారు కూడా. కానీ ఆ రోగుల్లో అధికశాతం మంది సొంతంగా యాంటీబాడీలు తయారుచేసుకోగలిగినవారు. యాంటీబాడీల తయారీని దెబ్బతీసే రిటుక్సిమాబ్ అనే మందు తీసుకున్నవారిలో, కొందరు మార్పిడి రోగుల్లో శరీరానికి ఆ శక్తి సన్నగిల్లుతుంది. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 డిసెంబరులో, యాంటీబాడీలు అధికంగా ఉన్న ప్లాస్మాను రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం కొనసాగించింది. ఈ వర్గానికి సంబంధించిన ఆధారాలు ఎక్కువగా చిన్న అధ్యయనాల నుంచి వచ్చినవే కనుక, నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యుడు) ఆచితూచి మాట్లాడితే అది నిర్లక్ష్యమని అనుకోకండి.

మందుల విషయంలో మాత్రం ఎంతో జాగ్రత్త అవసరం. మార్పిడి మందులు వేటినీ మీ అంతట మీరు ఆపవద్దు. ఎవరైనా పాక్స్‌లోవిడ్ అనే కరోనా మాత్రలు రాస్తే టాక్రోలిమస్ వాడుతున్నారన్న సంగతి వెంటనే చెప్పండి. అందులోని రిటోనావిర్ వల్ల రక్తంలో టాక్రోలిమస్ మోతాదు ప్రమాదకరంగా పెరిగి, ఉన్న కిడ్నీకే ముప్పు వస్తుంది.

వైద్యులు ప్లాస్మాకు ఒప్పుకుంటే, దాత ఇటీవలే కోలుకున్నవారా, అందులో యాంటీబాడీల స్థాయి కొలిచారా అని బ్లడ్‌బ్యాంకులో అడగండి. వైరస్ రూపం మారుతూ ఉంటుంది కనుక, ఎప్పుడో పాత వేవ్‌లో సేకరించి దాచిన ప్లాస్మా ఇప్పటి వేరియంట్‌పై పనిచేయకపోవచ్చు.