‘డీ’, ‘డా’ల ఊరు షెఫీల్డ్

ప్రశ్న: మా అమ్మాయి పై చదువుకు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వెళ్లింది. దుకాణాల్లో, బస్సుల్లో తనను ‘లవ్’ అని పిలుస్తున్నారట. ఇంటి యజమాని పెద్దాయన, ఆయన మాటలు సగం అర్థం కావడం లేదంటోంది. వాళ్లది తప్పుల ఇంగ్లీషా? ఆ పిలుపుకు అభ్యంతరం చెప్పమంటారా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: ముందుగా మీ బెంగ తీరుస్తాను. మన ఊళ్లలో ముక్కూమొహం తెలియని పిల్లను కూడా ‘ఏమ్మా’ అని పలకరించినట్లే షెఫీల్డ్‌లో ‘లవ్’ అంటారు. వయసుతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లనూ, ఒక్కోసారి మగవాళ్లు మగవాళ్లనూ అలాగే పిలుస్తారు. అందులో చనువే తప్ప చెడు ఉద్దేశం లేదు కనుక అభ్యంతరం చెప్పనక్కరలేదు.

ఇక వాళ్లది తప్పుల ఇంగ్లీషు కానే కాదు. మనకున్న ‘నువ్వు’, ‘మీరు’ తేడా ఒకప్పుడు ఇంగ్లీషులోనూ ఉండేది. ‘నువ్వు’కు సాటివచ్చే ‘దౌ’, ‘దీ’ అనే మాటలు ప్రామాణిక భాషలో ఏనాడో వాడుక తప్పినా, షెఫీల్డ్ పాతతరం నోట ‘దా’, ‘దీ’లుగా నిలిచాయి. అక్కడివాళ్లు వాటిని ‘డా’, ‘డీ’ అని పలుకుతారని పొరుగున ఉన్న బార్న్స్‌లీ, రోథర్‌హామ్ జనం వాళ్లకు ‘డీ-డా’లు అనే పేరే పెట్టారు. అయితే ఈ ‘దా’ అనే మాట ఎవరిని పడితే వారిని అనేది కాదు. హద్దు మీరిన పిల్లలను, షెఫీల్డ్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతపు పెద్దలు మందలించే మాట ఒకటుంది: ‘నిన్ను “నువ్వు” అనేవాళ్లనే “నువ్వు” అను, నన్ను కాదు’ అన్నది దాని సారాంశం. మనింట్లో తాతయ్యను ‘నువ్వు’ అన్న పిల్లవాడికి పడే చీవాట్లకూ దీనికీ ఏమంత దూరం? అందుచేత ఆ పెద్దాయన ‘దా’ అన్నా మీ అమ్మాయి తిరిగి అనకపోవడమే మర్యాద.

ఆ ప్రాంతపు మాటల్లో చరిత్ర దాగి ఉంది. 866లో అక్కడి యార్క్ నగరాన్ని పట్టుకున్న డేన్‌ల (డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన వైకింగ్‌ల) భాష ఆ నేలలో ఇంకిపోయింది. ఆడుకోవడాన్ని ‘లేకింగ్’ అనడం ఆ స్కాండినేవియా వారసత్వమే. చలికి తట్టుకోలేని మనిషిని ‘నెష్’ అంటారు. మెత్తన అనే అర్థమున్న పాత ఇంగ్లీషు పదం నుంచి వచ్చిన ఈ మాటను మొదటి శీతాకాలంలో మీ అమ్మాయి తప్పక వింటుంది. చిన్న కొట్టాల్లో కత్తులు, కత్తెరలు చేసి ఊరికి పేరు తెచ్చిన పనివాళ్లను ‘లిటిల్ మెస్టర్స్’ అనేవారు. ఆ పేరు నాకు ప్రత్యేకంగా ఇష్టం, ఎందుకంటే చేతిపని చేసేవాడిని అందులో ‘మాస్టర్’ అని గౌరవించారు. ఇళ్ల మధ్య సందు ‘జెనెల్’, గుండ్రటి బన్ను ‘బ్రెడ్‌కేక్’, మూతి ముడుచుకున్న పిల్ల ‘మార్డీ’. ఇలాంటి పలుకుబడులు విలువైనవని గుర్తించే, లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన హెరాల్డ్ ఆర్టన్ నాయకత్వంలో 1950 నుంచి 1961 వరకు ఇంగ్లండ్ అంతటా 313 చోట్ల మాండలిక పదాలను సేకరించారు.

ఒక్క మాట దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. మనం బడిలో ‘ఆ సమయంలో’ అని నేర్చుకున్న ‘వైల్’కు అక్కడ ‘దాకా’ అనే అర్థం కూడా ఉంది. ‘నైన్ వైల్ ఫైవ్’ అంటే తొమ్మిది నుంచి అయిదు దాకా అన్నమాట. ఆ పెద్దాయన ‘వైల్ సిక్స్’ ఇంట్లో ఉండనంటే, ఆరింటి దాకా రారని అమ్మాయికి చెప్పండి.