డిస్నీయా, యూనివర్సలా తేలలేదని అప్పు చేయకండి

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగులం. ఇద్దరికీ కలిపి నెలకు రూ.1,60,000 చేతికి వస్తుంది. తొమ్మిదేళ్ల పాప, అయిదేళ్ల బాబు ఉన్నారు. బీపీ, షుగర్ ఉన్న 63 ఏళ్ల మా అమ్మ మాతోనే ఉంటారు. ఈ వేసవిలో పిల్లలను విదేశీ థీమ్ పార్కుకు తీసుకెళ్లాలనుకున్నాం. నాకు, బాబుకు సింగపూర్‌లోని యూనివర్సల్ స్టూడియోస్ ఇష్టం. మా ఆవిడ, పాప హాంకాంగ్ డిస్నీల్యాండ్ తప్ప మరొకటి వద్దంటున్నారు. ఒక్కటే చూస్తే రూ.2.8 లక్షలు, రెండూ చూస్తే రూ.5 లక్షలు అవుతుంది. ఎవరినీ నొప్పించకుండా రూ.5 లక్షల పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాం. 14 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు. అడ్వాన్సుగా రూ.25,000 కట్టేశాం. బ్యాంకులో రూ.90,000 ఉంది. ఇంటి ఈఎంఐ రూ.46,000, కారు ఈఎంఐ రూ.14,000, బడి ఫీజు సగటున రూ.15,000, ఇంటి ఖర్చు రూ.50,000, మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్ రూ.15,000. ఏటా రూ.1.8 లక్షల బోనస్ వస్తుంది. ఆరోగ్య బీమా నా కంపెనీ ఇచ్చిన రూ.3 లక్షల పాలసీయే. అందులో అమ్మ పేరు లేదు. మా నిర్ణయం సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. ఈ రుణం తీసుకోకండి. ఎన్నో ప్రశ్నల్లో మీ ప్రశ్నకు జవాబు రాయడానికి కారణం, ఇదే పొరపాటు ఈమధ్య చాలా ఇళ్లలో జరుగుతుండటమే. ఇంట్లో వారి ఇష్టాలు రెండు బ్రాండ్ల మధ్య చీలినప్పుడు, కూర్చుని మాట్లాడుకుని ఒకదాన్ని ఎంచుకోవడం ఇబ్బందిగా తోచి, రెండింటికీ సరిపడా అప్పు తెచ్చుకుంటున్నారు. మీ ఇంట్లో వాదన తేలకపోవడం వల్లనే ప్రయాణం ఖర్చు రూ.2.2 లక్షలు పెరిగింది.

రుణం లెక్క చూడండి. రూ.5 లక్షలకు 14 శాతం వడ్డీతో 36 నెలల ఈఎంఐ సుమారు రూ.17,090 అవుతుంది. మొత్తం మీద రూ.1.15 లక్షలు వడ్డీకే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. తప్పనిసరి ఖర్చులు రూ.1,25,000, సిప్ రూ.15,000 పోగా మీకు నెలకు రూ.20,000 మిగులుతోంది. కొత్త ఈఎంఐ కట్టాక మిగిలేది రూ.3,000 లోపే. నాలుగు రోజుల పార్కు సరదాకు మూడేళ్ల పాటు ఊపిరాడకుండా చేసుకోవడాన్ని నేను ఏ కుటుంబానికీ సలహాగా ఇవ్వలేను.

అంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ బ్యాంకు నిల్వ. నెలకు రూ.1,25,000 తప్పనిసరిగా చెల్లించాల్సిన ఇంట్లో రూ.90,000 మూడు వారాలకు మించి రాదు. ఇద్దరూ సంపాదిస్తున్నాం కదా అన్న ధీమా ఇలాంటి ఇళ్లలో ఎక్కువగా ఉంటుంది. మీ ఖర్చులు మాత్రం ఇద్దరి జీతాల మీదే నిలబడి ఉన్నాయి గనుక, ఏ ఒక్కరి జీతం ఆగినా కొద్ది నెలల్లోనే ఇంటి ఈఎంఐ తప్పే పరిస్థితి వస్తుంది. ఆరు నెలల ఖర్చుకు సరిపడా, అంటే రూ.7.5 లక్షలు, అడిగిన రోజే చేతికి వచ్చేలా విడిగా ఉంచుకోవాలి. ఇది సమకూరే దాకా విదేశీ ప్రయాణం ఊసే వద్దు. కొన్నాళ్లు సిప్ కూడా ఆపి, నెలకు రూ.35,000 చొప్పున ఈ నిధికే మళ్లించండి. ఇప్పుడున్న రూ.90,000కు ఇదీ, మధ్యలో వచ్చే ఒక బోనసూ కలిస్తే 14 నెలల్లో పూర్తవుతుంది. సిప్ ఆపమంటే కొందరు సలహాదారులు ఒప్పుకోరని తెలుసు. అయినా, ఉద్యోగం పోయిన నెలలో మార్కెట్ కూడా పడి ఉంటే ఆ యూనిట్లను నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది కాబట్టి, నా మాట ఇదే.

ఆలస్యమైతే ఏదో కోల్పోతామన్న భయం వద్దు. డిస్నీ, యూనివర్సల్ సంస్థల మధ్య పోటీ ఏళ్ల తరబడి సాగుతున్నది. ఫ్లోరిడాలోని ఓర్లాండో ప్రాంతంలో డిస్నీ 1971లో పార్కు తెరిస్తే, యూనివర్సల్ 1990లో అక్కడికే వచ్చింది. 2025 మే నెలలో ఎపిక్ యూనివర్స్ పేరిట మరో పార్కును ప్రారంభించింది. మీరు వెళ్లాలనుకుంటున్న చోట్లా అదే తీరు. హాంకాంగ్ డిస్నీల్యాండ్ 2023 నవంబరులో వరల్డ్ ఆఫ్ ఫ్రోజెన్‌ను, సింగపూర్ యూనివర్సల్ 2025 ఫిబ్రవరిలో మినియన్ ల్యాండ్‌ను తెరిచాయి. ప్రేక్షకులను మళ్లీ మళ్లీ రప్పించుకోవడానికి కొత్త ఆకర్షణలు కడుతూనే ఉండాలి కాబట్టి, రెండేళ్లు ఆగి వెళ్లే కుటుంబానికి చూడదగినవి పెరుగుతాయే తప్ప తగ్గవు. పైగా మీ బాబుకు అయిదేళ్లు. సింగపూర్‌లో ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్‌కు 102 సెంటీమీటర్లు, బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా కోస్టర్‌కు 125 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఆ వయసు పిల్లల్లో చాలామందికి రెండోది అందదు. వాడు ఇష్టపడుతున్న రైడ్ దగ్గరే, వరుసలో నిలబడి ముందుకు వచ్చాక, కొలత చూసి పక్కకు పంపేస్తే వాడి బాధ మీరు చూడలేరు.

ఆరోగ్య బీమా విషయంలో మాత్రం ఒక్క నెల కూడా ఆగవద్దు. కంపెనీ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది. మీ నలుగురికీ కలిపి ఒకే మొత్తం వర్తించే రూ.10 లక్షల ఫ్లోటర్ పాలసీ, అమ్మగారికి విడిగా మరో పాలసీ తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన గడువు గరిష్ఠంగా మూడేళ్లని 2024లో నిబంధన మారింది. ఆ గడువు పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది. ఈ రుణం తీసుకుంటే తీర్చడానికి పట్టే మూడేళ్లలోనే అమ్మగారి బీపీ, షుగర్‌కు రక్షణ వచ్చేస్తుందన్నమాట. దరఖాస్తులో ఆ రెండు జబ్బులనూ, వాడుతున్న మందులనూ దాచకుండా రాయండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ప్రీమియానికి ఈ ఏడాది బోనస్‌లో కొంత వాడాల్సి వచ్చి, నిధి రెండు మూడు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు.

బంగారం తాకట్టు, ఇంటి రుణంపై టాప్-అప్ (అదనపు రుణం), క్రెడిట్ కార్డు ఈఎంఐ, ట్రావెల్ సంస్థలు చూపించే ‘ఇప్పుడు వెళ్లండి, తర్వాత చెల్లించండి’ పథకాలు, ఇవన్నీ పేరు మార్చుకున్న అప్పులే కనుక వేటినీ పరిశీలించవద్దు.

అత్యవసర నిధి నిండాక సిప్ మళ్లీ మొదలుపెట్టండి. మిగిలే రూ.20,000 అయిదు నెలలు దాచి, తర్వాతి బోనస్‌ను కలిపితే ఒక పార్కుకు కావలసిన రూ.2.8 లక్షలు సిద్ధమవుతాయి. ముందు ఏది చూడాలో పిల్లలతో కలిసి ఇప్పుడే తేల్చుకుని, రెండోదాన్ని మరో మూడేళ్ల తర్వాతికి పెట్టుకోండి. నన్నడిగితే తొమ్మిదేళ్ల పాప కోరికకే ముందు చోటివ్వండి; బాబు ఎదిగే వరకు యూనివర్సల్ ఆగవచ్చు. ఈ వేసవికి రావిర్యాలలోని వండర్‌లాలో ఒక రోజు గడిపి రండి.

కట్టిన అడ్వాన్సు సంగతి చివరగా చెబుతున్నాను. రద్దు షరతులు చదివి, ఈ వారంలోనే సంస్థకు ఈమెయిల్ పంపండి. తేదీ దగ్గరపడే కొద్దీ కోత పెరిగేలా షరతులు ఉండటం మామూలే. ఏమీ తిరిగి రాకపోయినా, రూ.25,000 పోతుందన్న బాధతో రూ.5 లక్షల రుణపత్రంపై సంతకం చేయకండి.