అనుమానం ఉందని పోలీసులకు చెబితే మన పేరు బయటకు వస్తుందా?

ఎదురింటి కింద అద్దెకిచ్చిన షట్టర్‌లో రాత్రిళ్లు ఏదో నడుస్తోంది, 100కి ఫోన్ చేస్తే మీ పేరు వాళ్లకు తెలిసిపోతుందేమో అని అడిగారు. పేరు ఎవరూ చెప్పక్కర్లేదండీ, పెట్రోలింగ్ బండి వచ్చి మీ గేటు ముందు ఆగితే చాలు. అసలు టెన్షన్ అదే.

హైదరాబాద్‌లో మా సందులోనూ ఇలాంటిదే జరిగింది. పగలంతా షట్టర్ మూసే ఉండేది. అందరూ పడుకున్నాక ట్రాలీ ఆటో రివర్స్‌లో వచ్చి ఆగేది. ఎర్ర సిలిండర్లు దించి, షట్టర్ సగానికి లాగేసేవాళ్లు. కాసేపటికి సుయ్‌మని చప్పుడు, మా బాల్కనీ దాకా గ్యాస్ వాసన. ఇళ్లలో వాడే సిలిండర్లలోంచి చిన్నవాటిలోకి ఎక్కిస్తున్నారని మా వాచ్‌మన్‌కు కూడా తెలుసు. "మనకెందుకమ్మా, ఓనర్‌కు తెలవకుండనే నడుస్తుందా" అన్నాడు.

100కి చేశాను. ఫోన్ ఎత్తినామె మర్యాదగానే వివరాలు రాసుకుంది. తర్వాత పెట్రోలింగ్ కానిస్టేబుల్ ఫోన్: "మేడం, ఎక్కడున్నారు? కిందికి వచ్చి చూపించండి." చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే. మీ నంబరు ఆ బండి వాళ్లకు వెళ్తుంది, కాబట్టి ఈ ఫోన్ వస్తుందని ముందే అనుకోండి. "నేను రాలేను సార్, మెడికల్ షాపు పక్క సందులో మూడో షట్టర్, మా గేటు దగ్గర ఆగకండి" అన్నాను. ఆయనేం అనుకోలేదు. కాకపోతే వాళ్లు వచ్చేసరికి షట్టర్‌కు తాళం వేసి ఉంది. చూసి వెళ్లిపోయారు.

స్టేషన్‌కు వెళ్తే మొదటి ప్రశ్న, "మీదేం పోయింది?" ఏమీ పోలేదంటే రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశారు. ఎస్సై గారు బందోబస్తులో ఉన్నారట, పిటిషన్ ఇచ్చి వెళ్లమన్నారు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను. దొంగతనమో కొట్లాటో అయితే ఏం చేయాలో వాళ్లకు తెలుసు, ఉత్త అనుమానాన్ని ఏ కాగితంలో పెడతారు?

అందుకే పిటిషన్‌లో "అక్రమ వ్యాపారం జరుగుతోంది" అని రాయకండి. అది మీ అభిప్రాయం. ఆటో నంబరు, వచ్చే వేళ, సిలిండర్లు, వాసన, పైన కాపురాలున్న సంగతి, ఇవి రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. నేను అదే పిటిషన్ కాపీ సివిల్ సప్లైస్ వాళ్లకు కూడా ఇచ్చాను, ఎందుకంటే 14.2 కిలోల ఇంటి సిలిండర్‌ను అలా మళ్లించడం నిత్యావసర సరుకుల చట్టం కిందకు వస్తుంది. కదలిక వచ్చింది అటు నుంచే. ఇద్దరూ కలిసి వచ్చి సిలిండర్లు పట్టుకెళ్లారు. ఇప్పుడక్కడ కర్రీ పాయింట్ పెట్టారు, పప్పు బాగుంటుంది.

మీది గ్యాస్ కాకపోవచ్చు. కానీ గ్యాస్ వాసన వస్తే మాత్రం పిటిషన్ దాకా ఆగకుండా ముందు గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కి చెప్పండి.

"మా లిమిట్స్ కాదు" అనే మాట కూడా వినాల్సి రావచ్చు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ కనిపించకుండా పోయిన రాత్రి ఆమె ఇంటివాళ్లను ఇలాగే తిప్పారు, తర్వాత ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, కేసు పెట్టదగ్గ నేరమైతే ఏ ఏరియాలో జరిగినా సమాచారం తీసుకోవాలి. అనుమానం వరకే అయితే వాదనకు దిగకండి, ఏ స్టేషన్‌కు వస్తుందో వాళ్లనే అడిగి రాసుకోండి.

ఫొటోల కోసం కిందికి దిగకండి. ఫోన్ చేసేటప్పుడు లోపలి గదిలోకి వెళ్లి చేయండి. ముఖ్యంగా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క ముక్క పెట్టకండి, షట్టర్ ఓనర్ కూడా అందులోనే ఉంటాడు.