ముప్పై దగ్గర పడుతున్నా టీనేజ్ ప్రేమకథలు, ఫాంటసీ నవలలు చదవడం తప్పా?

మీకు 29 ఏళ్ళనీ, ఇప్పటికీ యంగ్ అడల్ట్ (టీనేజ్ వాళ్ళ కోసం రాసే) రొమాన్స్, ఫాంటసీ నవలలే చదువుతున్నారనీ, స్నేహితులు ఆటపట్టిస్తున్నారనీ రాశారు. ఈ పుస్తకాల మీద మిగతా పాఠకుల అభిప్రాయం ఏమిటని అడిగారు. నాకు 36. పోయిన నెలలోనే ఒకటి రాత్రి రెండింటిదాకా కూర్చుని పూర్తి చేశాను. కాబట్టి తప్పని చెప్పే అర్హత నాకు లేదు. అలాగని ఇవన్నీ బంగారం అని కూడా అనలేను. విసిరికొట్టాలనిపించినవి చాలానే ఉన్నాయి.

నా అభిప్రాయం ఎలా మారుతూ వచ్చిందో చెప్పాలంటే ఒక పుస్తకం దగ్గర మొదలుపెట్టాలి. స్టెఫనీ మేయర్ రాసిన ట్వైలైట్ వరుసలో రెండోది, న్యూ మూన్, 2006లో వచ్చింది. అప్పుడు నాకు 17. స్నేహితురాలి దగ్గర వారం రోజుల గడువు మీద తెచ్చుకున్నాను. కొంతదూరం వెళ్ళాక హీరో ఎడ్వర్డ్, వాడొక రక్తపిశాచి, హీరోయిన్ బెల్లాను వదిలి వెళ్ళిపోతాడు. పేజీ తిప్పితే "అక్టోబర్" అని ఒక్క మాట ఉంది, మిగతా అంతా తెలుపు. ఇంకోటి తిప్పితే "నవంబర్". తర్వాత డిసెంబర్, ఆ తర్వాత జనవరి. నేను అచ్చు తప్పనుకున్నాను. మధ్యలో పేజీలు ఊడిపోయాయేమోనని బైండింగ్ దగ్గర వేలు పెట్టి మరీ చూశాను. పుస్తకం పాడుచేశానని నామీద పడుతుందేమోనని టెన్షన్ కూడా వచ్చింది. చివరికి స్నేహితురాలికే ఫోన్ చేస్తే, "పేజీలు ఎక్కడికీ పోలేదే పిచ్చిదానా, ఆ నాలుగు నెలలూ ఆ పిల్ల అలాగే ఉంది" అంది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

ముప్పై దాటాక మళ్ళీ చదివాను. ఆ నాలుగు ఖాళీ పేజీలు ఇప్పటికీ గొప్ప ఆలోచనే అనిపించింది. దిగులు గురించి ఎంత రాసినా అంత బలంగా తగలదు. కానీ ఈసారి ఇంకో సంగతి కూడా కళ్ళబడింది. బెల్లాకి నాన్న ఉన్నాడు, స్కూలుంది, పలకరించే పిల్లలున్నారు. ఆ అబ్బాయి వెళ్ళిపోగానే వీళ్ళెవరూ ఒక్క లైను కూడా నింపలేకపోయారు. అతను లేకపోతే ఆమె దగ్గర రాయడానికి రచయిత్రికి ఏమీ మిగల్లేదు. పదిహేడేళ్ళప్పుడు అదే ప్రేమ లోతు అనుకున్నాను. ఇప్పుడు ఆ పాత్ర మీద కొంచెం జాలేసింది, రచయిత్రి మీద కొంచెం కోపమొచ్చింది.

అప్పటినుంచీ ఏ పుస్తకం పట్టుకున్నా మనసులో ఒక లెక్క వేసుకుంటాను. ఈ కథలోంచి హీరోని తీసేస్తే హీరోయిన్‌కి రేపు పొద్దున చెయ్యాల్సిన పని ఏమైనా ఉంటుందా? ఉంటే ఆ ప్రేమకథ ఎంత పిచ్చిగా ఉన్నా ఫరవాలేదు, చదివేస్తాను. లేకపోతే ఎన్ని డ్రాగన్లు ఎగిరినా నాకు విసుగే.

ఈ లెక్కకి నిలబడేదానికి ఉదాహరణ 2008లో వచ్చిన సుజాన్ కాలిన్స్ నవల హంగర్ గేమ్స్. అందులో ప్రేమ త్రికోణం ఉందని దాన్ని కూడా ఆ గాటనే కట్టేస్తారు, నాకది ఒప్పుకోబుద్ధి కాదు. కాట్నిస్‌కి 16 ఏళ్ళు. వేటాడి ఇంటిల్లిపాదినీ పోషిస్తుంటుంది, పిల్లలు ఒకరినొకరు చంపుకుంటుంటే టీవీలో చూపించే చావు ఆటలోకి చెల్లెలి బదులు వెళుతుంది. అక్కడ ప్రేమ ఆమెకి ఒక పనిముట్టు. తన ఊరినుంచే ఆటలోకి వచ్చి, గుహలో గాయంతో పడున్న పీటా అనే అబ్బాయికి ముద్దు పెడుతుంది. కాసేపటికి పైనుంచి చిన్న పారాచ్యూట్‌లో వేడి సూప్ గిన్నె దిగుతుంది. ముద్దు పెడితే తిండి వస్తుంది, చూసేవాళ్ళకి అదే కావాలి అని ఆమెకి అర్థమైపోతుంది. ఇక అక్కణ్ణుంచి తను నటిస్తోందో నిజంగానే ఇష్టపడుతోందో తనకే తెలియదు. ప్రేమని పీకేస్తే ఈ కథ కూలిపోతుంది, అయినా కథ ప్రేమ గురించి మాత్రమే కాదు. ఇది రాయడం ఎంత కష్టమో, దీని తర్వాత వచ్చిన పుస్తకాల గుంపు చదివితే తెలుస్తుంది. దుర్మార్గపు ప్రభుత్వం, ఒక అమ్మాయి, ఇద్దరబ్బాయిలు అన్న లెక్కే పట్టుకున్నారు. ఆ సూప్ గిన్నె ఎవరికీ పట్టలేదు.

నాకు బాగా ఇష్టమైనది లీ బార్డూగో రాసిన సిక్స్ ఆఫ్ క్రోస్ (2015). ఆరుగురు కలిసి ఒక పెద్ద దోపిడీకి వెళతారు, అదీ కథ. వాళ్ళ నాయకుడు కాజ్ ఎప్పుడూ చేతికి గ్లౌజులు తియ్యడు. కారణం కథ సాగేకొద్దీ తెలుస్తుంది, ఇక్కడ చెప్పను. ఒకళ్ళ చర్మం తగిలితే అతనికి ప్రాణం పోయినంత పనవుతుంది. ఆ ఆరుగురిలోనే ఉన్న ఇనేజ్ అనే అమ్మాయంటే ఇష్టం, కానీ చెయ్యి పట్టుకోలేడు. ఆమె కూడా మామూలు జీవితంలోంచి వచ్చిన పిల్ల కాదు, ఆమె గాయాలు ఆమెవి. "నీ కవచం తీసి రా, లేకపోతే అసలు రావద్దు" అన్న అర్థం వచ్చేలా అతనికి చెప్పేస్తుంది. వేరే నవలల్లో పది పేజీల పడగ్గది సీను చెయ్యలేని పని ఈ పుస్తకంలో ఒక గ్లౌజు తియ్యడం చేస్తుంది. ఇనేజ్‌కి తన సొంత ఓడ కావాలనే కల ఉంది, మనుషుల్ని అమ్ముకునేవాళ్ళని వేటాడటానికి. కాజ్ ఉన్నా లేకపోయినా ఆ కల ఉంటుంది. నా లెక్క ఇక్కడ పూర్తిగా సరిపోయింది.

దీన్లో ఇంకో సుఖం కూడా ఉంది. కథ ఒక్కళ్ళ నోట్లోంచి రాదు, అధ్యాయానికొకరి వెంట నడుస్తుంది. ఈ రకం ఫాంటసీల్లో చాలావాటికి "నేను పరిగెడుతున్నాను, నా గుండె కొట్టుకుంటోంది" అనే వర్తమానకాలపు ఉత్తమ పురుష అలవాటైపోయింది. వేగం ఉంటుంది, నిజమే. కానీ ఆ పదహారేళ్ళ అమ్మాయికి ఏం తెలుసో అంతే మనకీ తెలుస్తుంది. రాజ్యం ఎలా నడుస్తోందో, యుద్ధం ఎందుకొచ్చిందో ఆమెకే పట్టనప్పుడు మనకెవరు చెబుతారు? మొదటి పేజీలో అంత పెద్ద మ్యాపు వేస్తారు, కథ మాత్రం ఒక కోట, ఒక అడవి దాటదు.

విసుగు పుట్టించేవి ఇంకా ఉన్నాయి. ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థాన్ని మూడు వందల పేజీలు సాగదీస్తారు. మూడు భాగాల కథలో రెండోదాంట్లో జంటని విడదీసి తీరాలని ఎవరో శాసనం రాసినట్టు ప్రవర్తిస్తారు. ఇక వయసు సంగతి సరేసరి. వందలేళ్ళు బతికిన వాడికి పదిహేడేళ్ళ పిల్ల తప్ప మాట్లాడటానికి ఎవరూ దొరకరు.

ఇలాంటి హీరోల గురించి మా అక్క కూతురితో పెద్ద వాదనే జరిగింది. దానికి పదిహేను. ట్వైలైట్‌లో ఎడ్వర్డ్ రాత్రిళ్ళు బెల్లా గదిలోకి వచ్చి, ఆమెకి తెలియకుండా, నిద్రపోతుంటే చూస్తుంటాడు కదా, అది ప్రేమ కాదే తల్లీ, భయపడాల్సిన విషయం అని నేను క్లాసు పీకాను. అది పుస్తకంలోంచి తలెత్తకుండానే, "పిన్నీ, నిజంగా ఎవడైనా కిటికీలోంచి వస్తే నేను గట్టిగా అరుస్తాను. ఇది కథ" అంది. నాకు మాట రాలేదు. పిల్లలు చదివినదల్లా నమ్మేస్తారని మనం అనుకున్నంత లేదేమో. అయినా నా అనుమానం పూర్తిగా పోలేదు. ఒక్క పుస్తకంలో అయితే కథే. వరసగా ఇరవై పుస్తకాల్లో కోపిష్టి, అసూయపరుడు, చెప్పకుండా వెంటపడేవాడు మాత్రమే హీరో అయితే, మామూలుగా మంచిగా ఉండే అబ్బాయి చప్పగా కనిపించడం మొదలవుతుంది. నాకు కనిపించాడు. కాలేజీ రోజుల్లో ఆ తప్పు చేశాను, వివరాలు ఇక్కడ అనవసరం.

పిల్లలకి కొనిచ్చేవాళ్ళు కూడా ఈ జవాబు చదువుతారు కాబట్టి ఒక మాట. యంగ్ అడల్ట్ అంటే స్థూలంగా 12 నుంచి 18 ఏళ్ళవాళ్ళ కోసం అని అర్థం. ఆ పై వయసు పాత్రలతో వచ్చే పుస్తకాలకి న్యూ అడల్ట్ అని ఇంకో పేరుంది, 2009లో సెయింట్ మార్టిన్స్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పెట్టిన పోటీతో వాడుకలోకి వచ్చింది. ఈ రెంటి మధ్య గోడ చాలా పల్చన. సారా జె. మాస్ రాసిన ఎ కోర్ట్ ఆఫ్ థోర్న్స్ అండ్ రోజెస్ 2015లో వచ్చినప్పుడు యంగ్ అడల్ట్ అరలోనే అమ్మారు. 2020లో కొత్త అట్టలు వేసి పెద్దల పుస్తకంగా మార్చారు. లోపల ఉన్న కథ అదే. రెబెకా యారోస్ ఫోర్త్ వింగ్ (2023) కూడా పెద్దల కోసం రాసిందే, డ్రాగన్ బొమ్మలు చూసి పన్నెండేళ్ళ పిల్లకి కొనివ్వకండి. అట్ట నమ్మేకంటే మధ్యలోంచి ఒక ఇరవై పేజీలు మీరే చదివి చూడటం మేలు.

ఇక మీ స్నేహితుల నవ్వు సంగతి. డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ళని "ఎప్పుడూ హత్యలేనా, ఎప్పుడు ఎదుగుతావ్" అని ఎవరూ అడగరు. అమ్మాయిలు ఇష్టపడే పుస్తకం అనేసరికి అందరికీ నవ్వొస్తుంది. నేను బ్యాగులో అట్ట కనబడకుండా వెనక్కి తిప్పి పెట్టుకున్న రోజులున్నాయి, ఇప్పుడు మానేశాను. ఎవరైనా అడిగితే కథ చెప్పడం మొదలుపెడతాను. పది నిమిషాలయ్యాక వాళ్ళే టాపిక్ మార్చేస్తారు.

మీరు ప్రస్తుతం ఏవి చదువుతున్నారో రాయలేదు. ఇప్పటిదాకా అన్నీ "నేను, నేను" అంటూ సాగేవే అయితే సిక్స్ ఆఫ్ క్రోస్ పట్టుకోండి. మొదటి యాభై పేజీలు ఊళ్ళ పేర్లు, ముఠాల పేర్లు గందరగోళంగా ఉంటాయి, నేను రెండుసార్లు వదిలేసి మూడోసారికి గానీ దాటలేకపోయాను. రెండో భాగం క్రుకెడ్ కింగ్డమ్ కూడా పక్కనే పెట్టుకుని మొదలుపెట్టండి, ఎందుకంటే మొదటిది ఆగిన చోట మీరు ఆగలేరు.