పాపకు సీటు కొనండి, కార్డు మీద మాత్రం వద్దు

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాశారు. పాపకు రెండున్నరేళ్లు, 13 కిలోలు. ఈమధ్యే సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నారు, నెలకోసారి సూర్యాపేటలో అత్తారింటికి వెళ్లొస్తారు. షాపులో "పుట్టినప్పటి నుంచి పన్నెండేళ్ల దాకా వస్తుంది" అని 42,000 రూపాయల సీటు చూపించారట. క్రెడిట్ కార్డు ఈఎంఐలో కొనాలా, లోన్ యాప్‌లో డబ్బు తీసుకోవాలా అన్నది మొదటి ప్రశ్న. కారు పాలసీలోని ప్రమాద బీమా పాపకూ వర్తిస్తుందా అన్నది రెండోది. జీతం 62,000, ఇంటి ఖర్చు 38,000, కారు ఈఎంఐ 9,200, లక్ష చీటీకి నెలకు 5,000. కార్డు మీద పాత బాకీ 38,000 ఉంటే మినిమమ్ డ్యూ 1,900 కడుతూ వస్తున్నారు. బ్యాంకులో 18,000 ఉంది, అంతే.

సీటు కొనాలనుకోవడం మంచిదే. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలదా అనే పెద్దవాళ్ల మాట పట్టించుకోలేదు, సంతోషం. 14 ఏళ్లలోపు పిల్లల్ని బెల్టుగానీ చైల్డ్ సీటుగానీ లేకుండా కారులో తిప్పితే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 సవరణ చట్టంలోనే ఉంది. నా గొడవంతా ఆ 42,000తోనే. పిల్లల పేరు చెబితే చాలు, ఎంత అప్పయినా న్యాయంగానే కనిపిస్తుంది, నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే.

ముందు కార్డు సంగతి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 38,000 మీద 1,330, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 239. మీరు కట్టే 1,900లో అసలు తగ్గేది 331 రూపాయలు! పైగా బాకీ పూర్తిగా తీర్చనంత కాలం ఆ కార్డు మీద కొత్తగా ఏం కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. 'నో కాస్ట్ ఈఎంఐ' అంటారు, కానీ నగదుకు ఇచ్చే డిస్కౌంట్ పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఎలాగూ తప్పవు. లోన్ యాప్ గురించి నన్ను అడగొద్దు, ఫోన్‌లోంచి తీసేయండి.

ఇక సీటు. పాపకు 13 కిలోలు వచ్చేశాయి కాబట్టి పసిపిల్లల దశకు కూడా పనికొచ్చే సీటుకు ఎక్కువ డబ్బు పోయడం దండగ. 9 నుంచి 36 కిలోల దాకా వచ్చేవి పది, పన్నెండు వేలలో దొరుకుతాయి, వెనక నారింజ రంగు స్టిక్కరు మీద గుండ్రటి గీతలో E అక్షరం, బరువు అంకెలు ఉన్నాయో లేదో చూసుకోండి. షాపుకెళ్లే ముందు మీ కారు వెనక సీటు, వీపు కలిసే సందులో చెయ్యి పెట్టి చూడండి, గట్టి ఇనప కమ్మీలు తగిలితే ఐసోఫిక్స్ (పాప సీటును బెల్టు లేకుండా నేరుగా కారుకు తగిలించే ఏర్పాటు) ఉన్నట్టు, లేకపోతే బెల్టుతో బిగించే రకం తీసుకోండి, అదీ బాగానే ఉంటుంది. తెలియనివాళ్ల దగ్గర పాత సీటు మాత్రం కొనొద్దు, అది ఏ యాక్సిడెంట్ చూసిందో మనకు తెలియదు.

డబ్బెక్కడిది అంటారా? మీ చీటీ 14వ నెలలో ఉందన్నారు. పాట పాడేయండి, కానీ ఒక్క సీటు కోసమే కాదు, ముందు కార్డు బాకీ కోసం. ఈ దశలో కోత పెద్దగా ఉండదు, 92,000 చేతికొచ్చిందనుకుందాం. 38,000 కార్డుకు, 11,000 సీటుకు, మిగిలిన 43,000 మీ 18,000తో కలిపి వేరే ఖాతాలో. అదీ ఎమర్జెన్సీ ఫండ్. ఇంటి ఖర్చు, కారు ఈఎంఐ కలిపితే నెలకు 47,200 కదా, ఆరు నెలలకు 2,83,200 కావాలి, ఇప్పుడు చేతిలో ఉండేది 61,000. ఈ ఫండ్ లేకపోతే రేపు ఉద్యోగం పోయినా, పాపకు డెంగీ వచ్చినా మళ్లీ ఆ యాప్ గుమ్మమే తొక్కుతారు. కార్డు బాకీ తీర్చేస్తే నెలకు 9,800 మిగులుతుంది, చీటీ అయిపోయాక 14,800, అదంతా ఆ ఖాతాలోకే. సిప్, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే పెట్టుబడి సంగతి ఆ తర్వాత.

మీ రెండో ప్రశ్నకు: కారు పాలసీలోని 15 లక్షల ప్రమాద బీమా ఓనర్-డ్రైవర్‌కే, అంటే మీకే. వెనక కూర్చునే పాపకు, మీ ఆవిడకు వర్తించదు, రెన్యువల్‌లో ప్రయాణికుల కవర్ విడిగా అడగండి. ఆఫీసు ఇచ్చే 3 లక్షల హెల్త్ కవర్ ఉద్యోగంతోపాటే పోతుంది, ఇంటిల్లిపాదికీ కలిపి ఉండే సొంత ఆరోగ్య బీమా (ఫ్యామిలీ ఫ్లోటర్) ఈ ఏడాదే తీసుకోండి. తర్వాతి పాట ఏ తేదీనో చీటీవాళ్లను కనుక్కోండి, అప్పటిదాకా కార్డును బీరువాలో పెట్టండి.