డన్మోర్ పైనాపిల్: టికెట్ ఎక్కడ దొరుకుతుంది?

అమ్మానాన్నలతో ఎడింబరా వస్తున్నాం, రాతి అనాసపండు భవనం చూడాలి, టికెట్ సైట్ మాత్రం ఎక్కడా కనబడలేదు అన్నారు కదండీ. టికెట్ ఉంటేగా కనబడటానికి! ఫాల్కిర్క్ దగ్గర ఎయిర్త్ ఊరి పక్కన ఉంది. స్థలం నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్‌ది, తోటలో తిరిగి బయటి నుంచి చూడటం ఉచితమే. లోపలికి మాత్రం వెళ్లనివ్వరు, ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ దాన్ని సెలవులకు అద్దెకిస్తోంది. కారులో వెళ్తే సుఖం.

ద్వారం మీద 1761 అని చెక్కి ఉంటుంది. డన్మోర్ ప్రభువుల సరదా అది. దక్షిణం వైపు నుంచి చూస్తేనే దాని అసలు సొగసు తెలుస్తుంది. వంగిన రాతి ఆకులను దగ్గరగా గమనించండి. ఎక్కడా నీరు నిలవకుండా ప్రతి ఆకుకూ వాలు పెట్టారు. నిలిస్తే శీతాకాలంలో గడ్డకట్టి రాయి పగిలిపోతుంది కదా. ఇంత పిచ్చి ఊహకు అంత లెక్కగా పనిచేసిన ఆ శిల్పులకే నా ఓటు. పక్కన పూలకుండీల్లా కనబడేవి పొగగొట్టాలు! తోట గోడల్లోకి వేడిగాలి పంపి, ఆ చలిలో మొక్కలు పెంచేవారు.

ఒక రాత్రి ఉండాలనుకుంటే ముందే బుక్ చేసుకోండి. కాకపోతే ఇటు గదుల నుంచి అటు గదులకు వెళ్లాలంటే ఆరుబయటికి రావాలి. పెద్దవాళ్లతో అయితే చలికాలంలో వద్దంటాను.