నీటి సంరక్షణ మీద పిల్లలతో నృత్యం చేయించాలంటే కాన్సెప్టు ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ పాట తీసుకోవాలి? అసలు నృత్యం వల్ల ఏమైనా మారుతుందా?

నీలం గుడ్డ దగ్గర మాత్రం మొదలుపెట్టకండి, దండం పెడతాను. ఇద్దరు చెరో కొస పట్టుకుని ఊపుతుంటే మిగతావాళ్లు మధ్యలో చేపల్లా తిరగడం, చివర్లో భూమాత ఏడవడం, వెనక నుంచి పొగ. 12 ఏళ్లు బడిపిల్లలకు నాట్యం నేర్పాను. ఆ గుడ్డ నేనూ నాలుగుసార్లు ఊపించాను కాబట్టే చెబుతున్నా.

మీరు అడిగింది కాన్సెప్టు, పాట గురించి. పాట ఎప్పుడైనా దొరుకుతుంది. ముందు పిల్లల ఒంటికి నీటి బరువు తెలియాలి.

ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలు 14 మందితో మొదలుపెట్టాను. అభినయ దర్పణం అనే పాత నాట్యగ్రంథంలో పతాక హస్తానికి, అంటే వేళ్లు కలిపి చాపి బొటనవేలు మడిచే ముద్రకు, చెప్పిన వినియోగాల్లో మేఘం, నది, అల మూడూ ఉన్నాయి కదా, ఇంకేం, చేయి చాపితే సగం పని అయిపోయినట్టే అనుకున్నాను. ఖాళీ బిందెలు చంకన పెట్టించి వయ్యారంగా నడిపిస్తున్నా. గుమ్మం దగ్గర ఒకమ్మాయి నిలబడి నవ్వుతోంది. తాళం నిలవదని నేను తీసుకోని పిల్ల.

ఎందుకే నవ్వుతావంటే, "నీళ్లున్న బిందెతో అట్లా ఎవరూ నడవరు టీచర్" అంది.

"నిండు కుండ తొణకదంటారుగా" అన్నాను, పెద్ద తెలివిగా.

"మోసేవాళ్లు అనుండరు టీచర్ ఆ మాట. తొణికేది నిండుదే. అందుకే మా అమ్మ పైన ఆకులు వేస్తుంది."

నిజమే, నీటి మీద ఆకులు తేలుతుంటే అల అంతగా లేవదు. శాస్త్రాలు చదివిన నాకు అది తెలియదు.

మర్నాడు బిందెలు నింపించాను. లీటరు నీళ్లంటే కిలో. 10 లీటర్లు చంకనెత్తుకున్న పిల్ల నడుము దానంతటదే పక్కకు ఒరిగింది, రెండో చేయి బారుగా బయటికొచ్చింది, తల కదలడం ఆగిపోయింది. నెలరోజులు నోరు పగిలేలా చెప్పినా రాని నిలకడ అది. మూడో నిమిషానికి ఒకమ్మాయి మొహం మాడిపోతుంటే, పక్కమ్మాయి ఏమీ అడక్కుండా చేతులు చాపి బిందె అందుకుంది. నేను కూర్చింది కాదది. ఆ అందుకోవడమే మా నృత్యానికి పల్లవి అయింది. నవ్విన పిల్ల ముందు వరసలోకి వచ్చింది. తాళం సంగతి తర్వాత చూద్దామనుకున్నా.

పాట కూడా తీసేశాం. అమెరికన్ నర్తకి డోరిస్ హంఫ్రీ 1928లోనే 'వాటర్ స్టడీ' అనే నృత్యాన్ని సంగీతం లేకుండా, నర్తకుల ఊపిరి లయ మీదే నడిపింది. మా పిల్లలకు ఒకరి ఊపిరి ఒకరు వినడం అలవాటవడానికి వారం పట్టింది. మధ్యమధ్య ఒక్క చప్పుడు వాడాం: వేదిక వెనక గదిలో కారే కుళాయి. దాని కింద సీసా పెట్టి చూస్తే గంటకు లీటరు నిండింది. రోజుకు 24 లీటర్లు, మా లెక్కలో రెండు బిందెల పైచిలుకు.

ప్రదర్శన రోజు నిర్వాహకులు నీళ్లు కుదరవన్నారు, మైకు వైర్లున్నాయని. అది న్యాయమే. కానీ ముఖ్య అతిథి నీటి పొదుపు మీద 40 నిమిషాలు మాట్లాడి, మా 9 నిమిషాలను 6కు కోయించడం ఏం న్యాయం? ఆయన ముందు మూత తీసి రెండు గుక్కలు తాగి వదిలేసిన సీసాలు మూడు. ఈ అతిథుల గురించి రాయడం మొదలుపెడితే ఇంకో జవాబు అవుతుంది, వదిలేద్దాం.

2011 నుంచి ఏడాది విడిచి ఏడాది 'గ్లోబల్ వాటర్ డ్యాన్సెస్' అని ఎన్నో దేశాల్లో ఒకే రోజు నీటి ఒడ్డున ఆడతారు. చివర్లో చూడడానికొచ్చినవాళ్లకూ అడుగులు నేర్పి కలుపుకుంటారు. అది నేను నిస్సిగ్గుగా కాపీ కొట్టాను. ముగింపులో పిల్లలు వేదిక దిగి బిందెలు జనం చేతికిస్తారు, వాళ్లు వరస వెంట వరస వెనక్కి అందించాలి. ఖాళీవి కదా, నవ్వుకుంటూ చకచకా అందించేస్తున్నారు. ఆఖరి బిందె ముందు వరసలో ఒక పెద్దాయన చేతికొచ్చింది. ఖాళీదనుకుని ఒంటిచేత్తో అందుకున్నాడు. చేయి దిగజారింది, ఒడినిండా నీళ్లు. హాలంతా నిశ్శబ్దం. ఎవరి బిందో మీకు చెప్పక్కర్లేదు. పైన ఆకులు కూడా వేసింది మహాతల్లి.

నాకు పడాల్సిన తిట్లు పడ్డాయి. అయినా పక్కనున్న నలుగురూ లేచి ఆ బిందెను రెండు చేతులతో పట్టుకుని వెనక్కి అందించారు చూడండి, నా 12 ఏళ్లలో అంత మంచి ముగింపు మళ్లీ రాలేదు.

నృత్యం వల్ల ఏమైనా మారుతుందా అని కూడా అడిగారు. రెండు వారాలకు ఆ కుళాయికి వాషర్ మార్చారు. మా నృత్యం వల్లేనని నేనంటాను. ప్లంబర్ ఆ రోజు పైన ట్యాంకు పనికొచ్చి, పనిలో పనిగా చేశాడని మా అటెండర్ అంటాడు. అతనికి నాట్యం గురించి ఏం తెలుసు.